హైవే పక్క ఊరిలో ప్రమాదాల చోటును సరిచేయించడం ఎలా: లెక్క తీయడం నుంచి అర్జీ దాకా

ఒక బావి నీళ్లు తాగిన వీధిలో పదిమందికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఒక్కొక్కరినీ నిలబెట్టి "నువ్వేం తిన్నావు" అని తగాదా పడం. నేరుగా బావి దగ్గరికి వెళ్తాం, నీళ్లు పరీక్ష చేయిస్తాం, క్లోరిన్ వేయిస్తాం. అదే ఊరి ముందు హైవే మీద, డివైడర్ గ్యాప్ దగ్గర మూడేళ్లలో ఆరుగురు పోతే మాత్రం ఆరు వేర్వేరు కారణాలు చెప్పుకుంటాం. ఒకడు చూసుకోలేదు, ఒకడు తాగాడు, ఒకడిది టైము బాగోలేదు. ఆరుగురూ అక్కడే ఎందుకు పోయారన్న ప్రశ్న ఎవరూ వేయరు. ఆ ప్రశ్న వేసి, జవాబు కాగితం మీద పెట్టి, రోడ్డును బాగుచేయించే పద్ధతి ఇది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో రోడ్డు ప్రమాదాల్లో సుమారు 11.9 లక్షల మంది చనిపోయారు. అందులో 10లో 9 మందికి పైగా పేద, మధ్య ఆదాయ దేశాలవాళ్లే. 5 నుంచి 29 ఏళ్ల వయసువాళ్ల మరణాలకు మొదటి కారణం ఇదే. మన దేశంలో 2022లో 1,68,491 మంది పోయారు. జాతీయ రహదారులు మొత్తం రోడ్ల పొడవులో 2 శాతం అటూఇటూ మాత్రమే, కానీ మరణాల్లో మూడో వంతుకు పైగా వాటి మీదే. చనిపోయినవాళ్లలో ఇంచుమించు సగం మంది బైకుల మీద వెళ్లేవాళ్లు, దాదాపు ఐదో వంతు నడిచివెళ్లేవాళ్లు. కాబట్టి ఊరివాళ్లు చేతిలోకి తీసుకోదగ్గ పని కారు సీటుబెల్టుతో మొదలవదు. ఊళ్లో నుంచి హైవే ఎక్కే చోట, దాటే చోట మొదలవుతుంది.

దీనికి ఐదారుగురు చాలు. వార్డు మెంబరు, ఆశా కార్యకర్త, హైస్కూలు టీచరు, రోడ్డు పక్క టీ కొట్టు మనిషి, ఇంటర్ చదివే ఇద్దరు పిల్లలు. రెండు నెలల సమయం, 30 మీటర్ల టేపు, ఒక ఫోన్, జిరాక్సుల ఖర్చు.

మొదట లెక్క

"ఇక్కడ చాలా యాక్సిడెంట్లు అవుతున్నాయి సార్" అని చెబితే ఏ ఇంజినీరూ కదలడు. జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల ముక్కలో గడిచిన 3 క్యాలెండర్ సంవత్సరాల్లో మరణం లేదా తీవ్ర గాయాలైన ప్రమాదాలు 5 జరిగినా, లేదా 10 మంది చనిపోయినా దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు. మీ చోటు ఆ గీత దాటిందా లేదా అన్నది తేల్చడమే మొదటి పని.

పోలీస్ స్టేషన్‌తో మొదలుపెట్టండి. ఎఫ్ఐఆర్‌లు రాష్ట్ర పోలీసు వెబ్‌సైట్లలో కూడా ఉంటాయి, తేదీ, స్టేషన్ పేరుతో వెతకొచ్చు. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. 2024 జూలై 1కి ముందు మరణాల కేసులు ఐపీసీ 304-ఎ కింద, తీవ్ర గాయాలవి 338 కింద ఉంటాయి. ఆ తర్వాతవి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 106(1), 125(బి) కింద ఉంటాయి. పాత నంబరుతోనే వెతికితే కొత్త కేసులు కనబడవు, ప్రమాదాలు తగ్గిపోయాయని తప్పు లెక్క వస్తుంది. స్టేషన్‌లో ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. పేర్లు అడగొద్దు. తేదీ, సమయం, చోటు, వాహనాల రకం, మరణాలు, తీవ్ర గాయాలు అంటూ పట్టికలా అడిగితే ఇవ్వడం వాళ్లకూ తేలిక. ఇప్పుడు పోలీసులు ప్రతి ప్రమాదాన్నీ ఈ-డార్ అనే డేటాబేసులో ఎక్కిస్తున్నారు, ఆ వివరాలు కావాలని అర్జీలో రాయండి.

పోలీసు లెక్క ఒక్కటే సరిపోదు. పడి లేచి ఇంటికి పోయినవాళ్లు, రాజీ చేసుకున్నవాళ్లు అందులో ఉండరు. ఏరియా ఆసుపత్రిలో పోలీసు కేసయ్యే గాయాలను రాసే మెడికో లీగల్ రిజిస్టరు ఉంటుంది. అందులో ఎన్ని రోడ్డు కేసులు మీ వైపు నుంచి వచ్చాయో డాక్టరు సంఖ్య చెప్పగలరు. పంక్చరు షాపువాళ్లకు, టీ కొట్టువాళ్లకు ఇంకా ఎక్కువ తెలుసు. వాళ్లు చెప్పినవి వేరే కాగితం మీద రాయండి, ఎఫ్ఐఆర్ ఉన్నవాటితో కలపకండి. అధికారి ఒక్కటి తప్పని తేల్చినా మొత్తం పట్టిక మీద నమ్మకం పోతుంది.

ఇంకో చిక్కు ఉంది. ప్రమాదం జరిగిన 30 రోజుల్లోపు ఎక్కడ చనిపోయినా అది రోడ్డు మరణమే. తలకు దెబ్బ తగిలి హైదరాబాదుకో, గుంటూరుకో, కర్నూలుకో రెఫర్ అయినవాళ్లు అక్కడే పోతారు. స్టేషన్‌లో గాయాల సెక్షన్‌ను మరణాల సెక్షన్‌గా మార్చారో లేదో అడగాలి. ఆశా కార్యకర్త జట్టులో ఉండాలనడానికి కారణం ఇదే. ఏ ఇంట్లో ఎవరు పోయారో ఆమెకు తెలియకుండా ఉండదు.

చోటును "పెట్రోలు బంకు దగ్గర" అని రాయొద్దు. బంకు మారుతుంది, పేరు మారుతుంది. కిలోమీటరు రాయి నంబరు రాయండి. హైవే మీద కిలోమీటరు రాళ్ల మధ్య ప్రతి 200 మీటర్లకు చిన్న రాయి ఉంటుంది. 143వ కిలోమీటరు రాయి దాటి రెండో చిన్న రాయి దగ్గర జరిగితే 143+400. ఇంజినీర్లు దీన్నే చైనేజ్ అంటారు. మీ పట్టికలో ఆ నంబరు కనబడగానే అవతలివాళ్లు మిమ్మల్ని చూసే తీరు మారుతుంది.

పట్టికలో ఉండాల్సినవి: తేదీ, వారం, 24 గంటల పద్ధతిలో సమయం, చైనేజ్, ఏ ఊరి నుంచి ఏ ఊరి వైపు పోతున్నారు, ఢీకొన్న రెండు వాహనాలు, దెబ్బతిన్న మనిషి దేని మీద ఉన్నాడు, ఆ క్షణంలో ఏం చేస్తున్నాడు (దాటుతున్నాడా, గ్యాప్‌లో తిరుగుతున్నాడా, బస్సు దిగాడా), వెలుతురు, వాన, హెల్మెట్. "అతివేగం, నిర్లక్ష్యం" అని ఎఫ్ఐఆర్‌లో ఉన్న మాటను పట్టికలోకి ఎక్కించకండి. అది దాదాపు ప్రతి కేసులో ఉంటుంది కాబట్టి ఏమీ చెప్పదు.

బొమ్మ గీస్తే కథ బయటపడుతుంది

చార్టు కాగితం మీద ఆ 500 మీటర్ల రోడ్డు గీయండి. డివైడరు, గ్యాపు, ఊరి రోడ్డు, బస్టాపు, కల్వర్టు, దాబా, చెట్లు అన్నీ పెట్టండి. ఇప్పుడు ఒక్కో ప్రమాదానికి రెండు బాణాలు, ఏది ఎటు నుంచి వచ్చిందో. మరణానికి నల్ల చుక్క, గాయానికి ఖాళీ చుక్క. పక్కన సమయం.

పది ప్రమాదాలు పెట్టేసరికి బాణాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. అడ్డంగా వచ్చిన బైకును నేరుగా పోయే లారీ కొట్టినవి ఎక్కువైతే గ్యాపులో చూపు సమస్య, లేదా తిరగడానికి చోటు లేని సమస్య. వెనక నుంచి గుద్దినవి రాత్రిపూటే ఎక్కువైతే ఆగిన లారీలు, లైటులేని ట్రాక్టర్లు. నడిచేవాళ్లు సాయంత్రం 6 నుంచి 9 మధ్య, ఒకే దిక్కు నుంచి దెబ్బతింటుంటే బస్టాపు తప్పు చోట ఉందేమో చూడండి. ఒక్కటే వాహనం పల్టీకొట్టినవి వాన రోజుల్లో ఎక్కువైతే వంపు దగ్గర నీరు నిలుస్తోంది. ఏ నమూనా లేకుండా బాణాలు చెల్లాచెదురుగా పడితే అది ఆ చోటు రోగం కాదు, మొత్తం రోడ్డు వేగం సమస్య. అప్పుడు అడగాల్సిందీ మారుతుంది.

చోటు దగ్గర కొలతలు

రెండు రోజులు పెట్టుకోండి. ఒకటి మామూలు పనిరోజు, ఒకటి సంత రోజు. రోడ్డు మీద ఎవరూ నిలబడకూడదు. అంచు నుంచి దూరంగా, కుదిరితే మేడ మీద నుంచి, మెరిసే పట్టీలున్న జాకెట్టు వేసుకుని పనిచేయాలి. చీకటిపడ్డాక పిల్లలు వద్దు.

వేగం కొలవడానికి రోడ్డు పక్క సరిగ్గా 100 మీటర్ల దూరంలో రెండు గుర్తులు పెట్టండి. ఫోనులో వీడియో తీసి, వాహనం మొదటి గుర్తు నుంచి రెండో గుర్తుకు ఎన్ని సెకన్లలో చేరిందో చూడండి. 360ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకు కిలోమీటర్లు. 6 సెకన్లయితే 60, 4.5 అయితే 80, 3.6 అయితే 100. చేత్తో స్టాప్‌వాచ్ నొక్కితే మూడో వంతు సెకను తేడా వచ్చినా 80 కాస్తా 86 అయిపోతుంది, అందుకే వీడియో. ముందు వాహనం అడ్డం లేకుండా పోయే 100 వాహనాలు తీసుకుని, నెమ్మదివి ముందు, వేగమైనవి తర్వాత వరసగా రాయండి. 85వ వాహనం వేగమే ఇంజినీర్లు వాడే అంకె. బోర్డు మీద 40 ఉండి మీకు 78 వచ్చిందంటే ఆ బోర్డు పనిచేయడం లేదని రుజువైంది.

తర్వాత చూపు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో గంటకు 80 కి.మీ. వేగంతో వచ్చే వాహనం ఆగడానికి 120 మీటర్లు, 100తో వస్తే 180 మీటర్లు ముందుగా కనబడాలి. ఇది ఆగడానికి. దాటే మనిషికి ఇంకా కావాలి. ఒక వైపు రెండు లేన్లు, పక్క అంచుతో కలిపి సుమారు 10 మీటర్లు. పెద్దవయసు ఆడమనిషి సెకనుకు మీటరు నడిస్తే 10 సెకన్లు. ఆ 10 సెకన్లలో 80 కి.మీ. వేగంతో వచ్చే లారీ 222 మీటర్లు వస్తుంది. అంటే ఆమె కాలు కదిపే క్షణానికి లారీ అంతకంటే దూరంలో ఉండాలి, ఆమెకు కనబడుతూ ఉండాలి. ఒకరు గ్యాపులో బైకు మీద కూర్చుని, ఇంకొకరు అంచు వెంట దూరంగా నడుస్తూ ఎక్కడ కనబడకుండా పోతారో టేపుతో కొలవండి.

చాలా చోట్ల అడ్డం వచ్చేది డివైడరులో పెంచిన గన్నేరు చెట్లు. కారు డ్రైవరు కన్ను రోడ్డుకు సుమారు 1.2 మీటర్ల ఎత్తులో ఉంటుంది. గన్నేరు ఆ ఎత్తు దాటిందంటే గ్యాపులో ఆగిన బైకు లేనట్టే. ఎదురు వాహనాల లైట్లు కళ్లలో పడకుండా నాటిన మొక్కలవి, మంచి పనే. కానీ గ్యాపుకు అటూఇటూ వాటిని మోకాలి ఎత్తు దాటనివ్వకూడదు.

మూడోది డివైడరు వెడల్పు. బైకు పొడవు దాదాపు 2 మీటర్లు. డివైడరు మీటరున్నర ఉంటే సగం రోడ్డు దాటి మధ్యలో ఆగిన బైకు ముందు చక్రమో, వెనక చక్రమో వేగంగా పోయే లేనులోనే ఉంటుంది. ట్రాలీ ఉన్న ట్రాక్టరు సంగతి చెప్పనే అక్కర్లేదు. "మధ్యలో ఆగి చూసుకుని వెళ్లాలి" అని ఊళ్లో చెప్పే సలహాకు ఆ చోట అసలు తావే లేదు.

నాలుగోది, రాంగ్ రూట్‌లో వచ్చేవాళ్లను లెక్కపెట్టండి. వాళ్లను ఆపి అడగండి, తిట్టొద్దు. తర్వాతి గ్యాపు రెండు కిలోమీటర్ల అవతల ఉంటే, అండర్‌పాసులో వానకు మోకాల్లోతు నీళ్లు ఉంటే, జనం ఎదురెళ్తారు. ఎక్కడికి పోవడానికి ఎదురెళ్తున్నారో రాసుకోండి, సర్వీసు రోడ్డు ఎక్కడ కావాలో అదే చెబుతుంది.

ఇక రెండు గంటలపాటు హఠాత్తుగా బ్రేకు కొట్టినవి, పక్కకు తిప్పుకుని తప్పించుకున్నవి గీతలు గీసి లెక్కపెట్టండి. ఈ అంకె చివర్లో పనికొస్తుంది.

తొమ్మిది గళ్లు

1970 ప్రాంతంలో విలియం హాడన్ అనే అమెరికా డాక్టరు ప్రమాదాన్ని జబ్బులాగే విడదీసి చూసే పట్టిక ఒకటి ఇచ్చారు. మూడు అడ్డ వరసలు: ఢీకి ముందు, ఢీకొన్నప్పుడు, ఢీకొన్న తర్వాత. మూడు నిలువు వరసలు: మనిషి, వాహనం, రోడ్డు. మీ చోటు గురించి తెలిసిందంతా ఈ తొమ్మిది గళ్లలో నింపండి. మామూలుగా అందరి మాటలూ మొదటి గడి దగ్గరే, అంటే ఢీకి ముందు మనిషి చేసిన తప్పు దగ్గరే ఆగిపోతాయి. మిగతా ఎనిమిదీ నింపేటప్పుడే వెనక రేడియం లేని ట్రాలీ, కల్వర్టు మొండి గోడ, అంబులెన్సు వచ్చిన సమయం బయటికొస్తాయి. ఏ గడిలో తక్కువ ఖర్చుతో ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయో అక్కడి నుంచి అడగడం మొదలుపెట్టాలి.

ఏం అడగాలి, ఏం అడగకూడదు

స్పీడ్ బ్రేకరు అడగకండి. ప్రమాదం జరిగిన సాయంత్రమే ఊరంతా రోడ్డెక్కి అడిగేది అదే. జాతీయ రహదారి మెయిన్ రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్లు ఉండకూడదని కేంద్ర రవాణా శాఖ నిబంధన. కోపంలో ఊరివాళ్లే కంకర, తారు పోసి కట్టిన దిమ్మ ఇంకా ప్రమాదం. రాత్రి కనబడదు, నిట్టనిలువుగా ఉంటుంది, బైకు వెనక కూర్చున్న ఆడమనిషి ఎగిరి పడుతుంది. బ్రేకరు కావాల్సింది ఊరి రోడ్డు హైవేను కలిసే చోట, ఊరి రోడ్డు మీద. ప్రమాణం ప్రకారం అది 3.7 మీటర్ల వెడల్పున, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తున, గుండ్రటి వంపుతో ఉండాలి. తెల్ల గీతలు, ముందు బోర్డు తప్పనిసరి.

వారంలో అయ్యేవి ముందు అడగండి: గన్నేరు కత్తిరించడం, చూపుకు అడ్డమున్న ఫ్లెక్సీలు, బడ్డీలు తీయించడం, లారీలు ఆగకుండా చూడటం, చెరిగిన గీతలు మళ్లీ వేయడం, మెయిన్ రోడ్డు మీద టైర్లకు కొద్దిగా తగిలే అడ్డపట్టీలు, జంక్షను ముందు హెచ్చరిక బోర్డు. నెలల్లో అయ్యేవి: హైమాస్టు లైటు, బస్టాపును జంక్షను దాటాక జరపడం, కల్వర్టు చివర్ల క్రాష్ బ్యారియరు. ఏళ్లు పట్టేవి: తిరిగే వాహనాలకు ప్రత్యేక లేను, సర్వీసు రోడ్డు, అండర్‌పాసు. మూడూ ఒకే అర్జీలో వేర్వేరుగా రాయండి. అండర్‌పాసు ఒక్కటే అడిగితే "ప్రతిపాదనలు పంపాం" అన్న జవాబుతో నాలుగేళ్లు పోతాయి, గన్నేరు మాత్రం అలాగే పెరుగుతూ ఉంటుంది.

గ్యాపు మూసేయమని అడిగే ముందు బాగా ఆలోచించండి. పొలాలు అవతల ఉన్న ఊళ్లో గ్యాపు మూస్తే జనం డివైడరు ఎక్కి దాటుతారు, లేదా రాంగ్ రూట్ పడతారు.

అర్జీ ఒక్క పేజీ దాటొద్దు. మొదటి వాక్యంలో రోడ్డు నంబరు, చైనేజ్, మూడేళ్ల మరణాలు, తీవ్ర గాయాల సంఖ్య. వెనక పట్టిక, బొమ్మ, వేగం అంకె, పగలూ రాత్రీ తీసిన నాలుగు ఫోటోలు. టోల్ ఉన్న జాతీయ రహదారయితే ఎక్కువగా జాతీయ రహదారుల సంస్థ ప్రాజెక్టు డైరెక్టరుకు, రాష్ట్ర రహదారయితే ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకు, ఊరి రోడ్డయితే పంచాయతీరాజ్ ఇంజినీరుకు. నకలు కలెక్టరుకు తప్పనిసరి, ఎందుకంటే జిల్లా రోడ్డు భద్రతా కమిటీ అధ్యక్షుడు ఆయనే. సోమవారం గ్రీవెన్సులో ఇచ్చి నంబరు తీసుకోండి. "తర్వాతి కమిటీ సమావేశం అజెండాలో చేర్చి, మినిట్స్ నకలు ఇవ్వగలరు" అన్న వాక్యం రాయండి. అర్జీ కాగితాల కింద పడిపోకుండా నిలిచేది ఆ వాక్యం వల్లే. రోడ్డు డిజైను, నిర్వహణ ప్రమాణాలు పాటించక మరణమో, వైకల్యమో సంభవిస్తే బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా ఉంటుందని మోటారు వాహనాల చట్టం 198-ఎ సెక్షను చెబుతుంది. బెదిరింపుగా కాదు, గుర్తు చేస్తూ చివర్లో రాయొచ్చు.

ఊరు తన చేతుల మీదుగా చేయాల్సినవి

రోడ్డు మీద ధాన్యం, మొక్కజొన్న ఆరబోయడం మానాలి. కళ్లాలు లేక పోస్తున్నారన్నది నిజమే, పంచాయతీ స్థలమో, బడి ఆవరణో చూపించాల్సిన బాధ్యత ఊరిదే. ధాన్యం కంటే ఘోరం చుట్టూ పెట్టే రాళ్లు, రాత్రి కప్పే నల్ల పట్టా. లైట్లు డిమ్ము చేసుకుని వచ్చే బైకుకు నల్ల పట్టా 50 మీటర్లలోపుకు వచ్చాక గానీ తెలియదు, అప్పటికి ఆగే దూరం దాటిపోతుంది.

ట్రాలీలకు వెనక రెండు మూలలా ఎర్ర రేడియం పట్టీలు, పక్కల పసుపువి అతికించండి. బురద పడితే రేడియం పనిచేయదు, బండి తీసే ముందు గుడ్డతో తుడవాలి. గడ్డి, చెరకు వేలాడి పట్టీలు మూసుకుపోతే అతికించీ లాభం లేదు.

హెల్మెట్ మరణాలను దాదాపు 42 శాతం, తల గాయాలను దాదాపు 69 శాతం తగ్గిస్తుంది. అయితే పట్టీ బిగించాలి. వదులుగా పెట్టుకున్నది మొదటి దెబ్బకే ఎగిరిపోతుంది, తల రెండో దెబ్బకు తగులుతుంది. ఐఎస్ఐ ముద్రతో పాటు ఐఎస్ 4151 అంకె చూడండి. పట్టీ బిగించి తల వెనక నుంచి ముందుకు తోస్తే ఊడి రాకూడదు. ఒక్కసారి గట్టిగా దెబ్బతిన్నది పైకి బాగున్నా లోపలి థర్మోకోల్ నలిగి ఉంటుంది, మార్చాల్సిందే. వియత్నాంలో 2007 డిసెంబరు 15 నుంచి అన్ని రోడ్ల మీదా హెల్మెట్ తప్పనిసరి చేసి, గట్టిగా అమలు చేస్తే కొద్ది రోజుల్లోనే 10లో 9 మందికి పైగా పెట్టుకున్నారు. "మన జనం మారరు" అన్న మాట వినబడ్డప్పుడల్లా ఇది చెప్పండి.

మొదటి గంట

రోడ్డు పక్క కొట్లవాళ్లలో కనీసం ఆరుగురికి ఇది నేర్పాలి. ముందు వచ్చే వాహనాలను ఆపాలి, లేకపోతే సాయానికి వచ్చినవాళ్లే రెండో ప్రమాదంలో పోతారు. 108కి చేసి చైనేజ్, ఏ వైపు రోడ్డో చెప్పాలి. జాతీయ రహదారయితే హైవే హెల్ప్‌లైను 1033కి కూడా. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి అరచేత్తో గట్టిగా నొక్కి పట్టుకోవాలి, మాటిమాటికీ ఎత్తి చూడకూడదు. శ్వాస ఆడుతుంటే హెల్మెట్ తీయొద్దు. నీళ్లు పట్టొద్దు, స్పృహ లేని మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అంటుకున్న మంటలో, నడిరోడ్డు మీదో ఉంటే తప్ప లాగొద్దు. కదపక తప్పకపోతే ఒకరు తల, మెడ కదలకుండా పట్టుకోవాలి, ముగ్గురు భుజం, నడుము, కాళ్లు పట్టి ఒకేసారి దొర్లించాలి. ఆటోలో మడిచి కూర్చోబెట్టి తీసుకెళ్లడం వల్ల బాగున్న మెడ, వెన్ను కూడా పనికిరాకుండా పోవచ్చు.

సాయం చేసినవాళ్లు పేరు చెప్పాల్సిన పని లేదు, సాక్షిగా రావాలని బలవంతం చేయకూడదు. మోటారు వాహనాల చట్టం 134-ఎ సెక్షను ఆ రక్షణ ఇస్తుంది. 2025 మే నుంచి అమల్లో ఉన్న పథకం కింద గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల పాటు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం అందాలి. దీనికి పోలీసు నమోదు కావాలి కాబట్టి సమాచారం ఇవ్వడం ఆలస్యం చేయొద్దు. గుద్దిన వాహనం దొరకకపోతే మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల పరిహారం వస్తుంది, తహసీల్దారు లేదా ఆర్డీవో ఆఫీసులో అడగండి. వాహనం దొరికితే వేసే మామూలు పరిహారం కేసు ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు వేయడం మంచిది.

పని జరిగాక

గీతలు వేశారు, లైటు పెట్టారు. ఆ తర్వాత నెలకు మళ్లీ అదే చోట, వారంలో అదే రోజున, అదే గంటల్లో 100 వాహనాల వేగం, రెండు గంటల బ్రేకుల లెక్క తీయండి. మరణాల కోసం ఎదురుచూడక్కర్లేదు, ఈ రెండు అంకెలు ముందే చెప్పేస్తాయి. 78 ఉన్న వేగం 74కు వచ్చి ఆగితే పని సరిపోలేదు. బాగా చెడ్డ సంవత్సరం తర్వాతి సంవత్సరం ప్రమాదాలు వాటంతటవే కొంత తగ్గుతాయి కాబట్టి ఒక్క ఏడాదితో పోల్చి సంబరపడొద్దు, ముందు మూడేళ్లతో పోల్చండి.

పక్క గ్యాపును కూడా పట్టికలో పెట్టండి, అటో కిలోమీటరు, ఇటో కిలోమీటరు. మీ చోటు మూసినా, బిగించినా తిరిగే బైకులు, ట్రాక్టర్లు అక్కడికే చేరతాయి. ఆ ఊరివాళ్లకు మీ పట్టిక నమూనా, అర్జీ నకలు ముందే ఇచ్చిరండి.